పాత తెరచాప పడవ కొనుటకు ముందు చూడవలసిన విషయములు

లంక సేద్యములో నాగలికి ఎంత పని ఉన్నదో పడవకు అంత పని ఉన్నది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ వంతెన లేని లంకలనుండి అరటి గెలలు, కూరగాయలు, కొబ్బరికాయలు, పాలు ఒడ్డుకు చేరవలెనన్న పడవయే దారి. ఎరువు, విత్తనము, కూలీలు లంకకు చేరుటకును అదియే దారి. వరద వచ్చినపుడు పిల్లలను, పశువులను దాటించునదియు అదియే. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినది. అట్టి నీరు దిగువకు వచ్చు దినములలో రేవున కట్టియున్న పడవ గట్టిదా, కాదా అనునది ఆస్తికి మాత్రమే గాక ప్రాణములకు సంబంధించిన ప్రశ్న.

కొత్త పడవ చేయించు స్తోమత అందరికి ఉండదు. అందుచేత చాలమంది రైతులు ఒకరు వాడిన పడవను కొందురు. ఇందులో తప్పు లేదు. చూచి కొన్న పాత పడవ చాల ఏండ్లు పనిచేయును. అయితే తెరచాప బాగున్నది, రంగు నిగనిగలాడుచున్నది, ఇంజను మొదటి తాడుకే అందుకొన్నది అని కొనుట పొరపాటు. తెరచాపను మార్చవచ్చును, ఇంజనును మార్చవచ్చును. పడవకు విలువ తెచ్చునది నీటి క్రింద ఉండు అడుగు భాగము. ఆ భాగమే కంటికి కనబడదు.

ఒక అనుభవము

నా చిన్నతనములో మా మేనమామ వైశాఖ మాసమున ఒక తెరచాప పడవను కొనెను. అది ఇసుకలో బోర్లించి ఉండెను. అడుగంతటికి కొత్తగా తారు పూసి ఉండెను. నీటిలో దింపి ఇద్దరు మనుషులు ఎక్కి చూచిరి. చుక్క నీరు రాలేదు. అక్కడనే సొమ్ము చెల్లించెను. ఆషాఢములో ఎర్రనీరు వచ్చినది. తొందరపడి కోసిన గెలలన్నియు ఒకేసారి ఎక్కించి బయలుదేరిరి. నడిమి పాయకు వచ్చుసరికి అంచుకు జానెడు దిగువనున్న పలకల సందులనుండి నీరు లోనికి రాసాగెను. గెలలను నీటిపాలు చేసి, గెడ వేసి, ఎట్లో ఒక ఇసుక తిప్పకు చేరిరి. మనుషులు దక్కిరి, పంట పోయినది.

తరువాత పడవను చూచిన ముసలి వడ్రంగి ఆయనతో, ‘‘బాబుగారూ, తమరు పడవ మీద తారు చూసి కొన్నారండీ, దాని కడుపు చూడలేదు. ఎద్దునైతే ఇట్లాగే కొనేవారా?’’ అని అడిగెను.

ఆ ప్రశ్నలోనే మనకు కావలసిన పాఠమున్నది. ఎద్దును కొనునపుడు మొదట పళ్ళు చూతుము, తరువాత నడిపించి చూతుము, చివరకు కాడి కట్టి లాగించి చూతుము. పడవను కూడ మూడుసార్లు చూడవలెను: ఒడ్డున ఒకసారి, నీటిలో ఒకసారి, బరువుతో ఒకసారి. మా మేనమామ మొదటి పరీక్ష సగము చేసెను, రెండవది తొందరగా ముగించెను, మూడవది చేయనే లేదు. ఖాళీ పడవ తేలినపుడు పై పలకలు నీటికి పైన ఉండెను. గెలల బరువుకు పడవ క్రుంగినపుడు ఎండి బీటలువారిన ఆ సందులు మొదటిసారి నీటిలో మునిగినవి.

తగిన కాలము, కావలసిన సామగ్రి

ఏప్రిల్, మే నెలలు పడవను పరీక్షించుటకు మంచివి. నీరు తగ్గి పడవలు ఒడ్డున ఉండును. కలప ఆరి లోపములు బయటపడును. వాన కురియుచుండగా, సాయంకాలపు మసక వెలుతురులో, లేదా పడవ సగము నీటిలో ఉండగా బేరము కుదుర్చుకొనరాదు.

వెంట ఒక టార్చిలైటు, మొన ఉన్న స్క్రూడ్రైవరు, చిన్న చెక్క సుత్తి, పొడవైన పురికొస, సుద్దముక్క, రెండు తిన్నని వెదురు కఱ్ఱలు, పాత గుడ్డ, పిడికెడు పొడి ముగ్గుపిండి తీసికొని పోవలెను. వీలైనచో పడవలు చేయు వడ్రంగిని పిలుచుకొని పోవుట ఉత్తమము. పడవల నిర్మాణమునకు పూర్వమునుండి పేరుపడిన తాళ్ళరేవు, కోరంగి ప్రాంతములలోనే గాక పెద్ద రేవులన్నింటిలోను అట్టివారు దొరకుదురు. ఆయనకిచ్చు ఒక దినపు కూలి నష్టము కాదు. అయితే ఆ వడ్రంగి అమ్మువాని మనిషి కాకుండ చూచుకొనవలెను.

మొదటి పరీక్ష: ఒడ్డున

ఆకారము: ముందు దూరముగా నిలిచి చూడవలెను. అడుగు వెన్నుగా ఉండు పొడవాటి దూలము ప్రక్కన అణియమునుండి అమరము వరకు పురికొసను బిగించి పట్టవలెను. చేయించినపుడు ఆ దూలమునకు ఏ ఆకారము ఇచ్చినారో వడ్రంగికి తెలియును. నడుము పైకి లేచి రెండు కొనలు క్రిందికి జారినట్లు కనబడినచో పడవ వెన్ను సడలినదని అర్థము. తరువాత పడవను వెల్లకిలగా ఉంచి, అంచులపై అణియమువద్ద ఒక వెదురు, అమరమువద్ద ఒక వెదురు అడ్డముగా పెట్టి వెనుకనుండి చూడవలెను. రెండు వెదుళ్ళు ఒకదానికొకటి సమముగా కనబడవలెను. ఒకటి ఒకవైపు వాలినచో పడవ మెలి తిరిగి ఉన్నది. అట్టి పడవ తెరచాప ఎత్తినపుడు తిన్నగా పోదు, సందులు ఎన్ని మారులు పూడ్చినను మరల తెరచుకొనును.

సందులు: ఎండలో ఉన్న కొయ్య పడవ సందులు కొంత విచ్చుకొనుట సహజము. కొయ్య నీటిలో ఊరినపుడు ఉబ్బి అవి మూసికొనును. కావున సన్నని సందులను చూచి భయపడనక్కరలేదు. సందులలో కుక్కిన నారగాని దూదిగాని ఊడి వ్రేలాడుచున్నదా, ఒకేచోట మరల మరల పూడ్చిన గుర్తులున్నవా అని చూడవలెను. ఒకే సందు పలుసార్లు పూడ్చినారనిన అక్కడ పలక కదలుచున్నదన్న మాట. నార కుక్కినంత మాత్రాన కదలిక ఆగదు.

ప్రతి సంవత్సరము అడుగుకు తారు పూయుట మంచి యజమాని లక్షణమే. కాని అమ్మకమునకు రెండు దినముల ముందు, అదియు ఒక ప్రక్కనే పూసినచో ఆ ప్రక్కనే ఎక్కువసేపు చూడవలెను. లోపల సిమెంటు మెత్తిన చోటు, రేకుముక్క కొట్టిన చోటు, కదలకుండ మేకులు దిగగొట్టిన లోపలి తొక్కుడు చెక్కలు - ఇవి మూడును అనుమానమునకు తావిచ్చునవి. తొక్కుడు చెక్కలను తీయించి చూడక పడవను కొనరాదు.

కుళ్ళు: కొయ్యను కుళ్ళజేయునది ఒక విధమైన బూజు. కొయ్యలో తేమ నూటికి ఇరువది పాళ్ళకు మించి చాల కాలము నిలిచినపుడు అది పెరుగును. ఎప్పుడును నీటిలో మునిగియుండు భాగముకంటె తడిసి ఆరుచుండు భాగము, గాలి ఆడని మూల త్వరగా కుళ్ళును. ఉప్పునీటికంటె వాన నీరు ఈ విషయములో ఎక్కువ చెరుపు చేయును. అందుచేత అణియపు లోపలి మూల, అమరపు మూల, ప్రక్కటెముకలవలె వంగియుండు లోపలి కొయ్యల పాదములు, తొక్కుడు చెక్కల క్రింద వాన నీరు నిలుచు చోట్లు - వీనిని టార్చి వేసి చూడవలెను. ముక్కును కూడ ఉపయోగించవలెను. కుళ్ళిన చోట బూజు వాసన వచ్చును.

అమ్మువాని అనుమతి తీసికొని స్క్రూడ్రైవరు మొనతో అక్కడక్కడ నొక్కవలెను. చేవగల కొయ్యలో మొన దిగదు, దిగినను నార లేచును. కుళ్ళిన కొయ్యలో జున్నులో దిగినట్లు దిగును. చెక్క సుత్తితో తట్టినచో మంచి పలక ఖంగుమనును, చెడినది బొద్దుగా పలుకును. అనుమానము కలిగిన ప్రతిచోట సుద్దతో గుర్తు పెట్టవలెను. నొక్కి చూచుటకు అమ్మువాడు ఒప్పుకొననిచో అదియే మీకు సమాధానము. పలకలలో తెల్లని పైచెక్క మిగిలి ఉన్నచో అది చేవకంటె ఎంతో ముందు చెడును. టేకు పడవ అని చెప్పినను పైచెక్క ఉన్న టేకు పలకకు ఆ మన్నిక ఉండదు. చాల నెలలు గట్టుపై పడియున్న పడవకు చెదలు కూడ పట్టును. నేలకు ఆనియున్న భాగములో మట్టి గీతలున్నవేమో చూడవలెను.

మేకులు: ఇనుప మేకు త్రుప్పు పట్టినపుడు ఉబ్బి చుట్టునున్న కొయ్యను చీల్చును. త్రుప్పు కొయ్యను కూడ తినివేయును. మేకు చుట్టు నల్లని వలయము, పలకపై ఎర్రని చారలు దీనికి గుర్తులు. ఒకటి రెండు మేకులు ఇట్లున్నచో మార్చవచ్చును. వరుసగా అన్నియు ఇట్లున్నచో పలకలను పట్టియుంచునది ఏమియు లేదు, రంగు మాత్రమే ఉన్నది. మరుగుగా ఉన్న ఒక మేకును అమ్మువానిచేతనే ఊడదీయించి చూడవలెను. నడుము సన్నబడి సూదివలె ఉన్నచో మిగిలినవి కూడ అట్లే ఉన్నవని తలచవలెను.

కొయ్యను తొలుచు పురుగు: సముద్రపు పాయలలో, ఉప్పుటేళ్ళలో తిరిగిన పడవను తెచ్చి లంక రైతులకు అమ్ముట కలదు. అట్టి పడవకు ఈ పరీక్ష తప్పనిసరి. శాస్త్రజ్ఞులు ఈ ప్రాణిని టెరిడో అందురు. చూపునకు పురుగువలె ఉన్నను ఇది ఆల్చిప్పల జాతికి చెందినది. పిల్లగా ఉన్నపుడు గుండుసూది తలంత రంధ్రము చేసికొని పలకలో చొచ్చును. లోపల కొయ్య నార వెంబడి తొలుచుకొనుచు పెరుగును. బయటి రంధ్రము మాత్రము చిన్నదిగనే ఉండును. అందుచేత పైకి చక్కగా కనబడు పలక లోపల తేనెపట్టువలె డొల్లయై ఉండవచ్చును. ఆ సొరంగముల గోడలకు తెల్లని సున్నపు పూత ఉండును.

ఇసుకలో ఈడ్చినపుడు తారు అరిగిపోవు చోట్లనే, అనగా అడుగు దూలము క్రింది ముఖమున, పలకల కొనలయందు ఇది ముందుగా చేరును. అక్కడ తారును కొద్దిగా గీకి వెలుతురులో చూడవలెను. సన్నని రంధ్రములు కనబడినచో స్క్రూడ్రైవరుతో నొక్కి చూడవలెను. ‘‘తీపి నీటికి వచ్చినది గనుక పురుగు చచ్చిపోయినది’’ అని అమ్మువాడు చెప్పవచ్చును. తీపి నీటిలో అది ఎక్కువ కాలము బ్రతుకదన్న మాట నిజమే. కాని పురుగు చచ్చినంత మాత్రాన అది తిన్న కొయ్య తిరిగి రాదు.

తెరచాప కొయ్య, చుక్కాని: గాలి త్రోపు అంతయు తెరచాప కొయ్య ద్వారా పడవ అడుగునకు దిగును. ఆ కొయ్య పాదము నాటియున్న దిమ్మను, దాని క్రింది దూలమును, ఇరుప్రక్కల పలకలను తప్పక చూడవలెను. అక్కడ నిలువు పగులు, నలిగిన కొయ్య, నిలిచిన వాన నీరు ఉన్నచో గాలి హెచ్చిన దినమున అడుగు విచ్చును. చుక్కాని పట్టుకొని ఊపి చూడవలెను. కీలు వదులైనచో చిన్న పని. కీలుతోపాటు అమరపు కొయ్యయే కదలినచో పెద్ద పని. తెరచాప గుడ్డను రెండు బొటనవ్రేళ్ళతో లాగి చూచిన చాలును. ఎండకు చివికినది చిరుగును. దానికై ధర తగ్గించుకొనవచ్చును.

ఫైబరు పడవ అయినచో

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత మన తీరమున ఫైబరు పడవలు బాగుగా పెరిగినవి. వీనికి కుళ్ళు లేదు, పురుగు లేదు అని కొందరు నిశ్చింతగా కొందురు. ఫైబరునకు దాని రోగములు దానికి కలవు. అడుగంతటిని జానెడు జానెడు దూరమున స్క్రూడ్రైవరు పిడితో తట్టవలెను. పొరలు విడిన చోట ధ్వని మందగించును. బొబ్బలవలె లేచిన చోట్ల పొరలలోనికి నీరు దిగి ఉండవచ్చును. సాలెగూడువంటి సన్నని పగుళ్ళు ఒక దెబ్బకు గుర్తు. ఆ చోటును లోపలివైపునుండి కూడ చూడవలెను. లోపల రంగు లేని పడవయైనచో ఎండకెదురుగా నిలిపి లోపలనుండి చూచిన, పాత అతుకులు నల్లని మచ్చలుగా కనబడును.

ఇంజను బిగించు వెనుక గోడలో చాల పడవలకు ఫైబరు పొరల నడుమ చెక్క ఉండును. బోల్టు రంధ్రముల ద్వారా నీరు దిగి ఆ చెక్క కుళ్ళును. ఇంజనును పట్టి వెనుకకు ముందుకు కదిలించినపుడు గోడ కూడ కదలినచో మోసపోవద్దు. అట్లే ఖాళీ పడవను నలుగురు ఎత్తవలసిన చోట ఎనమండుగురు కావలసి వచ్చినచో, తేలుటకై లోపల మూసి ఉంచిన గదులలో నీరు చేరినదని గ్రహించవలెను.

రెండవ పరీక్ష: నీటిలో

కొయ్య పడవను నీటిలో దింపి రెండు రాత్రులు ఉంచవలెను. మొదటి దినమున నీరు వచ్చుట దోషము కాదు. వచ్చు నీరు గంట గంటకు తగ్గుచున్నదా అనునదే ప్రశ్న. తగ్గినచో కొయ్య ఊరి సందులు మూసికొనుచున్నవి. రెండవ దినమున కూడ ఒకే తీరున వచ్చుచున్నచో అది సందు కాదు, రోగము. మీరు వచ్చుసరికే పడవ నీటిలో ఉన్నచో తెల్లవారకముందు నీరు తోడి ఉంచినారేమో తెలియదు గనుక, ఒక రాత్రి మీ మనిషిని కాపలా ఉంచవలెను.

తరువాత లోపలి నీరంతయు తోడి గుడ్డతో తుడిచి, ముగ్గుపిండిని పలుచగా చల్లవలెను. నీరు చొచ్చు చోటనుండి పిండిలో చార ఏర్పడును. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఒడ్డున పెట్టిన గుర్తులతో సరిచూచుకొనవలెను.

చిన్న రంధ్రమే గదా అని ఉపేక్షించరాదు. నీటి మట్టమునకు అర మీటరు దిగువన చిటికెనవ్రేలి కొన పట్టునంత, అనగా ఒక చదరపు సెంటీమీటరు రంధ్రమున్నచో గంటకు 600 లీటర్లకు పైగా నీరు లోనికి వచ్చును. అనగా 50 కిలోల బస్తాలు పన్నెండు మీకు తెలియకుండ పడవ ఎక్కినట్లు. పైగా బస్తా పెట్టినచోట ఉండును, నీరు ఉండదు. పడవ ఒరిగిన ప్రక్కకే పరుగెత్తి మరింత ఒరుగజేయును.

మూడవ పరీక్ష: బరువుతో

ఇదియే కాడి కట్టి చూచుట. ఒడ్డు దగ్గర, మొలలోతు నీటిలోనే, ఇసుక బస్తాలతో ఈ పరీక్ష చేయవలెను. మొదట సగము బరువు, తరువాత మీరు మోయదలచిన పూర్తి బరువు ఎక్కించవలెను. మనుషుల బరువును కూడ లెక్కలో చేర్చవలెను. పూర్తి బరువుతో కనీసము రెండు గంటలు నిలిపి, కొత్తగా మునిగిన పై సందులను చూడవలెను. ఇవి కూడ కొంత ఊరి మూసికొనవచ్చును గాని, ఆగని ధార ఉన్నచో ఆ పలకను మార్చవలసినదే.

అదే సమయమున నీటికి పైన అంచు ఎంత ఎత్తు మిగిలినదో కొలువవలెను. నిశ్చలమైన నీటిలో చాలునని తోచిన ఎత్తు, గాలికి అల లేచినపుడు చాలదు. ఇద్దరు మనుషులను ఒక అంచువైపు నిలువబెట్టి పడవ ఎంత ఒరుగునో, వారు నడుమకు రాగానే వెంటనే లేచునో లేదో చూడవలెను. బద్ధకముగా లేచు పడవపై తెరచాప ఎత్తరాదు. చివరకు తెరచాప ఎత్తి కొంత దూరము నడిపి వచ్చి, తెరచాప కొయ్య పాదమువద్ద మరల ముగ్గుపిండి చల్లి చూడవలెను.

ఏది కొనవచ్చును, ఏది విడువవలెను

సందుల పూడిక, ఒకటి రెండు పలకలు, కొన్ని మేకులు, చుక్కాని కీళ్ళు, తెరచాప గుడ్డ - ఇవి సరిచేయదగినవి. మరమ్మతుకు కలప, కూలి ఎంత అగునో వడ్రంగిచేత ముందుగా లెక్క కట్టించి, దానిని ధరలోనుండి తగ్గించి అడుగవలెను. పనిలో దిగిన తరువాత మరికొంత చెడు బయటపడుట సామాన్యము గనుక లెక్కకు కొంత కలుపుకొనవలెను.

అడుగు దూలము పగిలినది, పురుగు తొలిచినది, వెన్ను సడలినది, ప్రక్కప్రక్కనే ఉన్న వంపు కొయ్యలు రెండు మూడు విరిగినది, మేకులన్నియు త్రుప్పు తిన్నది - ఇట్టి పడవను ఎంత చవుకగా ఇచ్చినను తీసికొనరాదు. దానిని బాగుచేయించుట కొత్త పడవ చేయించుటతో సమానము. చవుకగా వచ్చినదని కొన్న తరువాత, సొమ్ము పెట్టితిమి గదా అని వరదలో కూడ దానినే నమ్ముకొందుము. అపాయము అక్కడనే ఉన్నది.

బయానా ఇచ్చునపుడే ‘‘మూడు పరీక్షలలో నిలిచిన పిమ్మటనే మిగత సొమ్ము’’ అను షరతును కాగితముపై వ్రాయించుకొనవలెను. అమ్మకపు కాగితములో పడవ పొడవు, వెడల్పు, గుర్తులు, ఇంజను ఉన్నచో దాని నంబరు వ్రాసి ఇద్దరు సాక్షుల సంతకములు చేయించవలెను. రిజిస్ట్రేషను ఉన్న పడవకు ఆ పత్రములు కూడ మీ పేర మారవలెను. పత్రముపై ఉన్న నంబరు, పడవపై ఉన్న నంబరు ఒకటియేనా అని కంటితో చూడవలెను.

గ్రామాధికారులకు ఒక మాట

రేవు పాట పాడినవారు తెచ్చు పడవకు కూడ ఇవే పరీక్షలు వర్తించును. పడవ ఎక్కు కూలీలకు, బడిపిల్లలకు దాని అడుగును చూచు అవకాశము లేదు. వారి తరపున చూడవలసినవారు మీరే. తొలకరికి ముందు ప్రతి రేవు పడవను ఒడ్డుకెక్కించి పరీక్షింపజేసి, ఎందరు ఎక్కవచ్చునో పడవపై పెద్ద అక్షరములతో వ్రాయించుట, అందరికి సరిపడు ప్రాణరక్షక జాకెట్లు, నీరు తోడు పాత్ర, లంగరు, తాడు ఉన్నవో లేవో చూచుట అవసరము.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. రంగును, తెరచాపను, ఇంజనును కాక ముందు అడుగును చూడవలెను.
2. తొక్కుడు చెక్కలు తీయించి, టార్చి వేసి, మొనతో నొక్కి చూడవలెను.
3. ఉప్పునీటిలో తిరిగిన పడవకు తొలుచు పురుగు పరీక్ష తప్పనిసరి.
4. రెండు రాత్రులు నీటిలో ఉంచి, ముగ్గుపిండితో నీరు చొచ్చు చోటును కనుగొనవలెను.
5. పూర్తి బరువుతో, ఒడ్డు దగ్గర పరీక్షించిన తరువాతనే సొమ్ము చెల్లించవలెను.

ఈ పరీక్షలన్నింటికి నాలుగైదు దినములు పట్టును. నడిమి పాయలో లోపము బయటపడినపుడు మనకు నాలుగు నిమిషములు కూడ ఉండవు. కావున రైతు సోదరులు ఆ దినములను వేసవిలోనే, ఒడ్డుననే వెచ్చించెదరుగాక.